కంచె తీగ నుంచి వంతెన కేబుల్ దాకా: కట్టడాలతో ప్రయోగాత్మక సంగీతం చేయడానికి సమగ్ర మార్గదర్శి

బిగించి కట్టిన కంచె తీగకు చెవి ఆనిస్తే లోపల సన్నగా, ఎడతెగకుండా ఒక మోత నడుస్తూ ఉంటుంది. అడుగు వెనక్కి జరిగితే ఏమీ వినిపించదు. తీగ మరీ సన్నం కావడంతో చుట్టూ ఉన్న గాలిని కదపలేదు. అందుకే దాని కంపనం లోహంలోనే అటూ ఇటూ తిరిగి, చివరికి గుంజల్లో ఇంకిపోతుంది. మెట్ల రెయిలింగు, వంతెన కేబుల్, ఇనుప గేటు, ఖాళీ నీటి ట్యాంకు, ఎండకు పడి ఉన్న పైపు, అన్నిటి సంగతీ ఇంతే. లోపల చాలా శబ్దం ఉంటుంది, బయటికి కొంచెమే వస్తుంది. ఆ లోపలి శబ్దాన్ని పట్టుకుని, ఎంచుకుని, సంగీతంగా కూర్చడం ఎలాగో ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చెబుతున్నాం.

ఇది కొత్త దారేమీ కాదు. వయొలినిస్టు జాన్ రోజ్ 1983 నుంచి ఆస్ట్రేలియా కంచెలను కమానుతో వాయిస్తూ వచ్చారు. శబ్ద కళాకారుడు బిల్ ఫాంటానా 2006లో లండన్ మిలీనియం బ్రిడ్జికి సెన్సర్లు అమర్చి, ఆ వంతెన లోపలి కంపనాలను టేట్ మోడర్న్ గ్యాలరీలో జనానికి వినిపించారు. ఇద్దరి పనిలోనూ గమనించాల్సింది ఒకటే: ఎక్కడ తాకాలి, ఎక్కడ వినాలి అన్న రెండు చోట్లు కుదిరితే మామూలు పరికరాలు చాలు. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన రికార్డరైనా గరగరే పడుతుంది.

ముందు లెక్క: ఏది ఎలా పలుకుతుంది

కొంచెం లెక్క తెలిస్తే చెవికి దారి దొరుకుతుంది. 2.5 మి.మీ. మందం ఉన్న ఉక్కు తీగ మీటరుకు సుమారు 38 గ్రాములు తూగుతుంది. దాన్ని 1000 న్యూటన్ల తన్యతతో, అంటే దాదాపు 100 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో లాగితే, మీటిన అల దానిమీద సెకనుకు 160 మీటర్ల వేగంతో పోతుంది. రెండు గుంజల మధ్య 4 మీటర్లుంటే ప్రాథమిక స్వరం 20 హెర్ట్జ్. అది మనిషి చెవికి అందే కింది హద్దు. అదే తీగ 30 మీటర్లు స్వేచ్ఛగా సాగితే ప్రాథమిక స్వరం సెకనుకు మూడు ఊపులు కూడా ఉండదు. కాబట్టి పొడవాటి తీగలో మనం వినేది అసలు స్వరం కాదు, దానిమీద పేరుకున్న వందలాది అనుస్వరాలు (ప్రాథమిక స్వరంతో పాటే దానికి పైన మోగే స్వరాలు). పొడవు పెరిగేకొద్దీ అవి దగ్గర దగ్గరగా వచ్చి, ఏ ఒక్క శ్రుతికీ కట్టుబడని మోతగా మారతాయి. స్పష్టమైన స్వరం కావాలంటే పొట్టి తీగ, మబ్బులా కమ్ముకునే నాదం కావాలంటే పొడుగు తీగ ఎంచుకోండి.

అదే తీగలో రెండో రకం కంపనం కూడా ఉంటుంది. పక్కకు ఊగకుండా, తీగ పొడవునా ముందుకూ వెనక్కూ సాగే అనుదైర్ఘ్య తరంగం అది. ఉక్కులో దాని వేగం సెకనుకు 5000 మీటర్ల పైనే. 5 మీటర్ల తీగను రోజిన్ (కమానుకు రాసే జిగట బంక) రాసిన వేళ్ల మధ్య పట్టుకుని పొడవునా రుద్దితే సుమారు 510 హెర్ట్జ్ దగ్గర గట్టి, శుద్ధమైన స్వరం పుడుతుంది. బిగువు మారినా ఈ స్వరం దాదాపు మారదు, పొడవు మారితేనే మారుతుంది. ఒకే తీగలో రెండు వాద్యాలు ఉన్నాయని అనుకోవచ్చు.

గాలి వాయించే పాటకూ సూత్రం ఉంది. తీగను దాటే గాలి ఒకసారి పైన, ఒకసారి కింద సుడులు విడుస్తూ పోతుంది. గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి 0.2తో గుణిస్తే సెకనుకు ఎన్ని సుడులో తెలుస్తుంది. సెకనుకు 5 మీటర్ల గాలి 2.5 మి.మీ. తీగ మీద 400 హెర్ట్జ్ ఇస్తుంది. అదే గాలి 12 మి.మీ. కేబుల్ మీద 83 హెర్ట్జ్ ఇస్తుంది. తీగకున్న అనుస్వరాల్లో ఏదైనా ఈ అంకెకు దగ్గరగా ఉంటే తీగ దాన్ని పట్టుకుని గట్టిగా మోగుతుంది. తీగకు అడ్డంగా, నిలకడగా వీచే మోస్తరు గాలే మంచిది. ఈదురుగాలిలో సుడులు చెదిరిపోయి హోరు తప్ప ఏమీ మిగలదు.

ఎండ కూడా శ్రుతి మారుస్తుంది. రెండు కొసలూ గట్టిగా బిగించిన పై తీగలో ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే తన్యత దాదాపు 12 న్యూటన్లు తగ్గుతుంది. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా ఉంటే 1000 న్యూటన్ల బిగువు 760కి పడుతుంది, శ్రుతి రెండు స్వరస్థానాలకు పైగా దిగుతుంది. ఒకే కంచె దగ్గర పొద్దున తీసిన రికార్డింగునూ మధ్యాహ్నం తీసినదాన్నీ కలపబోతే శ్రుతి కుదరకపోవడానికి కారణం ఇదే.

దగ్గరికి వెళ్లకూడని చోట్లు

కరెంటు స్తంభాలు, హైటెన్షన్ టవర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటికి ఆధారంగా నేలలోకి కట్టిన స్టే వైర్లు ఏవీ తాకకూడదు, వాటికి ఏదీ తగిలించకూడదు. పశువుల కోసం కట్టే విద్యుత్ కంచెలో కొన్ని వేల వోల్టుల కరెంటు తునకలు తునకలుగా పారుతుంటుంది. ఇన్సులేటర్లు కనిపించినా, హెచ్చరిక బోర్డు ఉన్నా ఆ కంచె వదిలేయండి. రైలు పట్టాలు, సిగ్నల్ తీగలు కూడా వద్దు. ఉరుము వినిపిస్తే ఏ పొడవాటి తీగ దగ్గరా ఉండొద్దు. దూరంగా ఎక్కడో పడిన పిడుగును కూడా కంచె మోసుకొస్తుంది.

మూసి ఉన్న ట్యాంకులు, బావులు, సైలోలు, మురుగు గొట్టాల లోపలికి దిగకండి. అక్కడ ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు, విషవాయువు నిలిచి ఉండవచ్చు, వాసనను బట్టి తెలుసుకునే వీలుండదు. మైకును తాడుతో లోపలికి దించండి, మీరు బయటే ఉండండి.

యజమాని అనుమతి తప్పనిసరి. వంతెనకు తీగలతో ఉన్న చిన్న పెట్టె అతికించి దూరంగా కూర్చుంటే చూసినవాళ్లకు అనుమానం వస్తుంది. రాతపూర్వక అనుమతి దగ్గర ఉంచుకోండి, పరికరం మీద పేరు, ఫోన్ నంబరు, 'శబ్ద రికార్డింగ్ జరుగుతోంది' అన్న కాగితం అంటించండి, దాన్ని వదిలి కనుచూపు దాటి పోకండి. తుప్పు పట్టి బిగువుగా ఉన్న తీగ తెగితే కొరడాలా తిరిగి కొడుతుంది. కంటి అద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. బిగువును పెంచే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు.

కాంటాక్ట్ మైకు తయారీ

కాంటాక్ట్ మైకు అంటే గాలిలోంచి కాకుండా, తాకిన వస్తువు కంపనాన్నే పట్టే మైకు. కావాల్సినవి: 27 మి.మీ. పీజో డిస్కులు (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పల్చటి బిళ్లలు; కనీసం నాలుగు, ఒకటి రెండు పాడవుతాయి), 2 మీటర్ల సన్నటి షీల్డెడ్ కేబుల్, 6.35 మి.మీ. మోనో జాక్, 25–30 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్న సోల్డరు, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు, రాగి రేకు టేపు, హీట్ ష్రింక్ గొట్టం.

డిస్కులో రెండు భాగాలుంటాయి: వెలుపలి ఇత్తడి పళ్లెం, మధ్యలో తెల్లటి సిరామిక్, దానిమీద వెండి పూత. కేబుల్ మధ్య తీగ సిరామిక్‌కు, చుట్టూ అల్లిన షీల్డు ఇత్తడికి అతకాలి. ముందు తీగ కొసలకు సోల్డరు పూసుకోండి. సిరామిక్ మీద, మధ్యలో కాకుండా అంచుకు దగ్గరగా, చిన్న సోల్డరు చుక్క వేయండి. తర్వాత తీగను దానిమీద ఆనించి ఐరన్ తాకించి తీసేయండి. ఇదంతా రెండు సెకన్లలో అయిపోవాలి. వేడి ఎక్కువైతే వెండి పూత లేచిపోతుంది, సిరామిక్ తన గుణం కోల్పోయి శబ్దం పలచబడుతుంది. డిస్కు బాగానే కనిపిస్తూ సన్నగా పలికితే చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. ఇత్తడి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి అటు నాలుగైదు సెకన్లు పట్టినా ఫర్వాలేదు, ముందు ఆ చోటును గరుకు కాగితంతో రుద్దండి.

అతికాక సిరామిక్ వైపు మొత్తం, కేబుల్ మొదటి రెండు సెంటీమీటర్లతో సహా, ఒక మి.మీ. మందం ఎపాక్సీ పోయండి. సోల్డరు ఊడకుండా, తేమ చేరకుండా ఇదే కాపాడుతుంది. ఆరాక దానిమీద రాగి రేకు అతికించి, రేకును ఇత్తడికి ఒక చుక్క సోల్డరుతో కలపండి. 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు గుర్రు చాలావరకు తగ్గుతుంది. ఇత్తడి ముఖం నేరుగా లోహ కట్టడానికి తగిలితే ఆ కట్టడం మొత్తం మీ కేబుల్‌కు యాంటెన్నా అవుతుంది. అందుకని ఆ ముఖం మీద గోళ్ల రంగు రెండు మూడు పూతలు వేసి ఆరనివ్వండి. విద్యుత్ టేపు కూడా పని చేస్తుంది, కానీ దాని మెత్తదనం పై స్వరాలను తినేస్తుంది.

బఫర్ లేకపోతే ఏమవుతుంది

డిస్కు సంకేతం పల్చబడకుండా డిస్కుకూ రికార్డరుకూ మధ్య పెట్టే చిన్న సర్క్యూటే బఫర్. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. డిస్కును నేరుగా రికార్డరుకు గుచ్చుతారు, రేకు డబ్బా లాంటి శబ్దం వస్తుంది, పీజోలంతే అనుకుని వదిలేస్తారు. అసలు సంగతి ఇది: 27 మి.మీ. డిస్కు విద్యుత్ పరంగా సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్. దాన్ని 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా పల్చబడుతుంది. 3 కిలోఓమ్‌ల మైకు ఇన్‌పుట్‌లో అయితే ఆ హద్దు 2600 దాటుతుంది. 1 మెగోమ్ ఇన్‌పుట్‌లో 8 హెర్ట్జ్ దాకా దిగుతుంది. కంచె, వంతెనల సొగసంతా 800 కిందే ఉంటుంది!

తేలిక మార్గం: గిటారు కోసం ఉన్న 1 మెగోమ్ ఇన్‌పుట్, లేదా అలాంటి ఇన్‌పుట్ ఉన్న డీఐ బాక్సు (వాద్యాన్ని మైకు ఇన్‌పుట్‌కు కలిపే పెట్టె). సొంతంగా చేసుకునేవాళ్లకు బఫర్ ఇలా: 9 వోల్టుల బ్యాటరీ, 2ఎన్5457 ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు; డ్రెయిన్, గేటు, సోర్సు దాని మూడు కాళ్లు), 10 మెగోమ్ నిరోధాలు రెండు, 10 కిలోఓమ్ నిరోధాలు రెండు, 100 నానోఫారడ్ల కెపాసిటర్, 10 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. ఫెట్ డ్రెయిన్‌ను బ్యాటరీ ప్లస్‌కు కలపండి. రెండు 10 మెగోమ్‌లను వరసగా ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టి, వాటి నడిమి బిందువును గేటుకు ఇవ్వండి. డిస్కు నుంచి వచ్చే తీగ ఒక 10 కిలోఓమ్, 100 నానోఫారడ్ దాటి గేటుకు చేరాలి. గట్టి దెబ్బకు డిస్కు పదుల వోల్టులు పుట్టించగలదు, ఆ నిరోధం ఉన్నది అందుకే. సోర్సు నుంచి రెండో 10 కిలోఓమ్ గ్రౌండ్‌కు, 10 మైక్రోఫారడ్ ప్లస్ కాలు సోర్సుకు, మైనస్ కాలు బయటికి. బ్యాటరీ నుంచి ఒక మిల్లీఆంపియరు కంటే తక్కువే లాగుతుంది కాబట్టి వందల గంటలు వస్తుంది. సోర్సు దగ్గర 5 నుంచి 7 వోల్టుల మధ్య చూపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే. 8.5 దాటితే ఫెట్ మార్చండి, ఒకే నంబరు ఫెట్లలోనూ తేడాలు ఎక్కువ. మొత్తాన్ని లోహపు డబ్బాలో పెట్టి డబ్బాను గ్రౌండ్‌కు కలపండి. దీన్ని రికార్డరు లైన్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి, మైకులకు రికార్డరు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపి ఉంచండి.

వంతెనల లోతైన ఊగుళ్ల కోసం జియోఫోన్ కూడా మంచి సాధనం. భూకంప సర్వేలకు వాడే 10 హెర్ట్జ్ రకం, 375 ఓమ్‌లది అయితే బఫర్ లేకుండానే మైకు ఇన్‌పుట్‌కు పనికొస్తుంది. పై స్వరాలు పెద్దగా ఇవ్వదు, కానీ అడుగుల బరువు దానికి తెలిసినంతగా పీజోకు తెలియదు.

అతికించడం

డిస్కు ముఖం మొత్తం లోహాన్ని తాకాలి. అంచు మాత్రమే తగిలితే గరగర వస్తుంది. చదును ఇనుముకు: తుప్పు, దుమ్ము తుడిచి, పలచటి తేనెమైనం పొర మీద డిస్కును నొక్కి, పైన చిన్న స్ప్రింగ్ క్లిప్పు లేదా అయస్కాంతం పెట్టండి. అయస్కాంతాన్ని ఠక్కున వదిలితే సిరామిక్ పగులుతుంది, పక్క నుంచి మెల్లగా జరపండి. గుండ్రటి రెయిలింగుకు: చదునైన చిన్న చెక్క ముక్కలో ఒక వైపు గొట్టానికి తగ్గ గాడి తీసి, చదును వైపు డిస్కు పెట్టి, జీ క్లాంపుతో బిగించండి. మెత్తటి డబుల్ టేపు, స్పాంజి వద్దు.

సన్నటి తీగ మీద డిస్కును నేరుగా తగిలిస్తే దాని బరువే తీగ నోరు నొక్కేస్తుంది. తీగ గుంజను తాకే చోట, గుంజ మీద పెట్టండి. లేదా వీణ మేరువులాగా ఒక గట్టి చెక్క ముక్కను తీగకూ గుంజకూ మధ్య దూర్చి, ఆ ముక్కకు డిస్కు బిగించండి. రెండో పద్ధతిలో శబ్దం రెట్టింపు స్పష్టంగా ఉంటుంది, తీగ పలికే పొడవును కూడా మీరే నిర్ణయించవచ్చు.

చోటు వెతకడం

ఇక్కడ తొందరపడొద్దు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాల్యూమ్ తగ్గించి, ఒక చేత్తో డిస్కును నొక్కి పట్టుకుని, రెండో చేతి గోటితో కట్టడాన్ని అంగుళం అంగుళం తడుతూ వెళ్లండి. వాల్యూమ్ తగ్గించమనడం ఊరికే కాదు: డిస్కు జారి పడితే వచ్చే చప్పుడు చెవికి నిజంగా హాని చేస్తుంది, రికార్డరులో లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సదుపాయం) ఉంటే వేయండి.

కంచె మీద ఈ వరస బాగా పని చేస్తుంది. ముందు మూల గుంజలను చూడండి, బిగువంతా అక్కడే ఉంటుంది. గుంజ చెక్కదా, రాతిదా, ఇనుముదా? ఇనుప గుంజ స్వయంగా మోగుతుంది, చెక్క గుంజ పై స్వరాలను మింగి గుండ్రటి నాదం ఇస్తుంది, కాంక్రీటు గుంజ దాదాపు ఏమీ కలపకుండా తీగనే వినిపిస్తుంది. తర్వాత ఒక్కో తీగనూ వేలితో మీటండి. మోగకుండా 'టప్' మని ఆగిపోతే ఎక్కడో తీగ ఆకుకో కలుపు మొక్కకో తగులుతోంది, లేదా నడిమి గుంజకు మేకుతో గట్టిగా నొక్కి ఉంది. మొక్కను పక్కకు వంచండి, మేకును మాత్రం ముట్టుకోకండి. జల్లెడలా అల్లిన గొలుసు కంచె పెద్దగా మోగదు. అల్లికలో ప్రతి ముడీ రాపిడితో శక్తిని తినేస్తుంది. దాన్ని గలగల కోసం వాడుకోండి, దీర్ఘ నాదం ఆశించకండి.

రెయిలింగు కడ్డీల్లో ఇంకో తమాషా ఉంది. రెండు కొసలూ వదులుగా ఉన్న కడ్డీ మోగేటప్పుడు ఒక్కో కొస నుంచి పొడవులో 22 శాతం దూరంలో కదలని బిందువు ఉంటుంది. అక్కడ మైకు పెడితే ప్రాథమిక స్వరం మాయమవుతుంది, పై స్వరాలే వస్తాయి. అక్కడ పట్టుకుని వేలాడదీస్తే మాత్రం కడ్డీ పూర్తిగా మోగుతుంది. వెల్డు చేసిన కడ్డీల్లో ఈ అంకె మారుతుంది గానీ పద్ధతి మారదు: ఒకే దెబ్బ కొడుతూ మైకును జరపండి, స్వరం పేరు మారినట్టు వినిపించే చోటల్లా సుద్దతో గీత పెట్టండి.

వాయించే తీరు

కమాను: పాత చెల్లో లేదా డబుల్ బేస్ కమాను, రోజిన్ దండిగా. మంచి కమాను తుప్పు తీగ మీద పెట్టొద్దు, వెంట్రుకలు ఒక పూటలో పోతాయి. తీగ మీద గుంజకు 5–10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, బలంగా నొక్కి, చాలా నెమ్మదిగా లాగండి. పొడవాటి తీగలో అల వెళ్లి తిరిగి రావడానికే సమయం పడుతుంది, అందుకని స్వరం పుట్టడానికి రెండు మూడు సెకన్లు ఆగాలి. 'కీచు' మంటే వేగం ఎక్కువైంది, 'గిర్రు' మంటే ఒత్తిడి ఎక్కువైంది. 4 మీటర్ల తీగలో కొస నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర ఎడమచేతి వేలు తేలిగ్గా ఆనిస్తే ఐదో అనుస్వరం ఒంటరిగా బయటపడుతుంది. వేలు జరుపుతూ పోతే మొత్తం స్వరశ్రేణి దొరుకుతుంది. ముళ్లతీగకు కమాను వద్దు. ముళ్ల మధ్య ఖాళీలో రోజిన్ పూసిన నైలాను దారం చుట్టి, రెండు కొసలూ పట్టుకుని మార్చి మార్చి లాగండి.

రబ్బరు బంతి: గట్టిగా ఎగిరే 25–30 మి.మీ. బంతికి రంధ్రం చేసి సన్నటి వెదురు పుల్లకు గుచ్చండి. రేకు తలుపు, ట్యాంకు గోడ, గాజు మీద ఈ బంతిని నొక్కి ఈడిస్తే మూలుగు లాంటి దీర్ఘ స్వరాలు వస్తాయి. పుల్ల మెత్తగా వంగాలి, అప్పుడే బంతి పట్టుకుంటూ జారుతూ పోతుంది. ఉపరితలం తడిగా ఉన్నా, దుమ్ముగా ఉన్నా పలకదు.

కొట్టడానికి రబ్బరు తల, చెక్క, ఇనుప మేకు మూడూ ఉంచుకోండి. మెత్తటి తల కింది స్వరాలను, గట్టి తల పై స్వరాలను లేపుతుంది. అనుమతి ఉన్న, వాడకంలో లేని, కరెంటుతో సంబంధం లేని పాత టవర్ కేబుల్ దొరికితే ఇనుప మేకుతో ఒక్క చిన్న దెబ్బ వేయండి. కేబుల్ బిరుసుదనం వల్ల పై స్వరాలు ముందు పరుగెత్తి చేరతాయి, కింది స్వరాలు వెనక వస్తాయి. 'ప్యూ' మంటూ జారే ఆ శబ్దం అలా పుడుతుంది.

గొట్టాలకు వాయించే చేయి అక్కర్లేదు. రెండు వైపులా తెరిచిన 2 మీటర్ల పైపులో గాలి 86, 172, 257 హెర్ట్జ్‌ల దగ్గర అనునదిస్తుంది. బయటి వాహనాల హోరు లోపలికి వెళ్లి ఆ స్వరాలుగా వడకట్టబడి వస్తుంది. చిన్న కాలరు మైకును దారంతో లోపలికి జరపండి. సరిగ్గా నడిమధ్య 86 గట్టిగా ఉంటుంది, 172 దాదాపు ఉండదు. నాలుగో వంతు దగ్గర 172 పైకి లేస్తుంది. మైకు జరపడమే స్వరకల్పన అవుతుంది. ఒక కొసను చేత్తో మూస్తే కింది స్వరం 43కు దిగుతుంది.

పెద్ద ఖాళీ జాగాల ప్రతిధ్వనిని వాద్యంగా వాడుకోవచ్చు. అమెరికాలోని ఫోర్ట్ వోర్డెన్ దగ్గర ఒక పాత భూగర్భ నీటి తొట్టెలో ప్రతిధ్వని 45 సెకన్ల దాకా నిలుస్తుంది. అమెరికన్ స్వరకర్త పాలీన్ ఒలివెరోస్ బృందం 1988లో అక్కడ రికార్డు చేసింది. అలాంటి జాగాలో ఒక్క స్వరం వేసి ఆగాలి. వేసిన ప్రతిదీ తర్వాతి దానితో కలిసిపోతుంది కాబట్టి స్వరాల ఎంపికే తాళం. బయట నుంచే ట్యాంకు ప్రతిధ్వనిని పట్టాలంటే మైకును లోపలికి దించి, మూత దగ్గర ఒక బెలూన్ పగలగొట్టండి. ఆ ఒక్క రికార్డింగుతో కాన్వల్యూషన్ రివెర్బ్ (ఆ జాగా ప్రతిధ్వనిని ఏ శబ్దానికైనా అద్దే పద్ధతి) తయారవుతుంది.

రికార్డింగ్

96 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. తర్వాత వేగం సగానికి తగ్గించి వినే అవకాశం కోసమే ఆ 96. గట్టి దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టండి, కాంటాక్ట్ మైకుల్లో ఊహించని తారస్థాయిలు ఎక్కువ. లో కట్ (కింది స్వరాలను కోసే ఫిల్టరు) ఆపేయండి.

రెండు డిస్కులను ఒకే తీగ మీద 20 మీటర్ల దూరంలో పెడితే అద్భుతమైన స్టీరియో వస్తుంది. ఒక కొస దగ్గర మీటితే పక్కకు ఊగే అల రెండో మైకును చేరడానికి ఎనిమిదో వంతు సెకను పడుతుంది, పొడవునా పోయే అల మాత్రం 4 మిల్లీసెకన్లలోనే చేరుతుంది. హెడ్‌ఫోన్లలో తీగ పొడవు వినిపిస్తుంది. గాలిలో వినే మామూలు మైకును కూడా ఒకటి, గాలి తొడుగుతో, పక్కన నడపండి. పక్షులు, అడుగులు, దూరపు రోడ్డు లేకపోతే కాంటాక్ట్ శబ్దం ఏ యంత్రం నుంచి వచ్చిందో తెలియని మోతలా మిగులుతుంది.

ప్రతి టేకు మొదట్లో నోటితో చెప్పండి: ఏ కట్టడం, మైకు ఎక్కడ, ఏమిటితో వాయిస్తున్నారు, గాలి, ఉష్ణోగ్రత, సమయం. తర్వాత కనీసం 5 నిమిషాలు కదలకుండా రికార్డు చేయండి. కేబుల్ గాలికి ఊగి గుంజకు తగిలితే టేకంతా ఆ 'టక్ టక్' తోనే నిండుతుంది, కాబట్టి డిస్కు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర కేబుల్‌ను వదులు మెలికతో గుంజకు కట్టండి.

కూర్పు

ముందు శుభ్రం చేయండి. 25 హెర్ట్జ్ కింద కోసేయండి. 27 మి.మీ. డిస్కు తన సొంత అనునాదం వల్ల 4–4.6 కిలోహెర్ట్జ్ దగ్గర చెవిని గుచ్చుతుంది, అక్కడ 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి. నాయిస్ తగ్గించే సాధనాలు జాగ్రత్తగా వాడండి, తీగ మోతను కూడా అవి నాయిస్ అనుకుని తినేస్తాయి.

తర్వాత ప్రతి టేకులో ఒకే ప్రశ్న వేయండి: ఈ కట్టడం మాత్రమే ఇవ్వగలిగిన శబ్దం ఎక్కడుంది? ఒక గంట రికార్డింగులో అలాంటివి నాలుగైదు ఉంటే ధనవంతులే. వాటిని పెట్టుకుని మిగతాది తీసేయండి. రివెర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ప్రభావాలు ముందే వేస్తే అన్ని కట్టడాలూ ఒకేలా వినిపిస్తాయి, అది ఈ రంగంలో ఎక్కువమంది చేసే తప్పు. సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి కిందికి దిగుతుంది, గేటు కీచు తిమింగలం పిలుపులా మారుతుంది. ఒక కృతిలో ఇది ఒకటి రెండు చోట్లకు మించితే వినేవాళ్లకు కిటుకు తెలిసిపోతుంది.

మంద్రంలో వంతెన జియోఫోన్, మధ్యలో పైపు స్వరాలు, పైన కమాను తీగ, అప్పుడప్పుడు రెయిలింగు దెబ్బలు: ఇలా పౌనఃపున్యాల అంతస్తులు వేరుగా ఉంటే నాలుగు పొరలు కలిపినా స్పష్టత పోదు. పొరలు పెంచేకంటే ఒకే పొరను మూడు నిమిషాలు నడవనిచ్చే ధైర్యం చేయండి. గాలి దానంతటదే హెచ్చుతగ్గులు తెస్తుంది, వాటిని కత్తిరించి సమం చేయకండి. తాళం కావాలంటే కట్టడం దగ్గరున్నదే తీసుకోండి: వంతెన అతుకు మీద చక్రాలు పడే వ్యవధి, జెండా తాడు స్తంభానికి కొట్టుకునే వేగం.

శబ్దాన్ని తిరిగి కట్టడంలోకి పంపడం

చేయి తిరిగాక ప్రయత్నించాల్సింది ఇది. 20–30 వాట్ల, 4 ఓమ్‌ల ఎక్సైటర్‌ను (శంఖువు లేని స్పీకరు అది) గేటు రేకుకో ఖాళీ ట్యాంకు గోడకో బిగించి, చిన్న బ్యాటరీ ఆంప్లిఫయరుతో కలపండి. దాని ద్వారా పంపిన ఏ శబ్దమైనా ఆ లోహం గొంతుతో తిరిగి వస్తుంది. ఇప్పుడు అదే కట్టడం మీది కాంటాక్ట్ మైకును ఆ ఆంప్లిఫయరుకు ఇస్తే చక్రం పూర్తవుతుంది, కట్టడం తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది.

మధ్యలో ఒక ఈక్వలైజరు, లిమిటర్ తప్పక పెట్టండి. గెయిన్ సున్నా నుంచి మొదలుపెట్టి, స్వరం తొంగిచూసిన చోట ఆపండి. మోత ఒకే కీచు స్వరం దగ్గర ఇరుక్కుపోతే ఆ పౌనఃపున్యాన్ని ఈక్వలైజరులో 10 డెసిబెల్స్ తగ్గించండి, తర్వాతి స్వరం బయటికి వస్తుంది. మైకూ ఎక్సైటరూ పక్కపక్కనే ఉంటే ఎప్పుడూ పై స్వరమే గెలుస్తుంది, వాటిని కట్టడం రెండు చివర్లకు జరపండి. అరచేతిని రేకు మీద ఆనించి జరిపితే స్వరం మారుతుంది, మనుషులు ఇద్దరు ముగ్గురు ఉంటే అరచేతులతోనే స్వరమేళం కట్టవచ్చు. ఎక్సైటర్ తాకిచూడలేనంత వేడెక్కితే 10 నిమిషాలు ఆపండి, లోపలి కాయిల్ జిగురు ఊడిపోతే మళ్లీ పని చేయదు.